కోపం కన్నా ముందొచ్చేది

జూన్‌లో కాలువలకి నీళ్లొదిలిన మొదటి వారం గోదావరి డెల్టాలో తల్లుల గొంతులు పెరుగుతాయి. ఏప్రిల్‌లో మరమ్మతుల కోసం కట్టేసిన కాలువలు అప్పటిదాకా అడుగు కనపడుతూ, అక్కడక్కడా గుంటలతో, బురదతో ఉంటాయి. ధవళేశ్వరంలో తలుపులెత్తారంటే కొత్త నీళ్లు ఊరూరి రేవునీ తాకుతూ శివారు దాకా పోతాయి. బళ్లు తెరిచేది 12వ తేదీన. ఎండలింకా తగ్గవు. ఆ నాలుగు రోజుల్లో కాలువ వైపు చూడకుండా ఉండే పిల్లాడెవడు? 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ మా వైపు చాలా ఇళ్లకీ నీళ్లకీ మధ్య దూరం పదడుగులే. అన్నం పెట్టేవీ ఆ నీళ్లే, తల్లిని మధ్యాహ్నం కునుకు తియ్యనివ్వనివీ ఆ నీళ్లే.

మా ఇంటికి ఎదురుగానే కాలువ గట్టు. బడిలో పాఠాలు చెప్పిన రోజుల్లోనూ, ఉద్యోగ విరమణ తర్వాతా, ఆ గట్టు పక్కన ఒకే తంతు ఏటా చూస్తున్నాను. పిల్లాడు ఇంట్లోకి వస్తాడు. నిక్కరు ఒంటిమీదే ఆరిపోయింది. జుట్టు చేత్తో సర్దుకున్నాడు. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. తల్లి ఏమీ అడగదు. వాడి చెయ్యి పట్టుకుని మోచేతి కింద గోటితో ఒక గీత గీస్తుంది. చాలాసేపు నీళ్లలో నానిన ఒంటిమీద ఆ గీత సుద్దముక్కతో గీసినట్టు తెల్లగా పడుతుంది. ఇక సాక్ష్యం అక్కర్లేదు. పొయ్యి పక్కనున్న అట్లకాడ చేతిలోకొస్తుంది.

కొడుతూ ఆమె ఏమంటుందో వినాలి. మొదట వీపు విమానం మోత మోగుతుందంటుంది, కాళ్లు విరగ్గొడతానంటుంది. మూడో దెబ్బ దగ్గరో నాలుగో దెబ్బ దగ్గరో గొంతు మారిపోయి, "నీకేదన్నా అయితే నేనేం కావాల్రా" అంటుంది. అసలు సంగతంతా ఆ మాటలోనే ఉంది. కానీ అది ఏడుపులో కలిసిపోయి వస్తుంది. అప్పటికి వాడి చూపంతా అట్లకాడ మీదే ఉంటుంది.

ఆమె భయం ఉత్తుత్తి భయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద నీళ్లలో మునిగి చనిపోయినవాళ్లు సుమారు 3 లక్షల మంది. వాళ్లలో దాదాపు పావు వంతు అయిదేళ్లు నిండని పసివాళ్లు. ఈ లెక్క ఆ తల్లికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఏదో ఒక ఏడు ఏదో ఒక రేవులో లేచిన కేక ఆమె చెవుల్లో ఉండిపోయింది.

మరి పిల్లాడు నేర్చుకున్నదేమిటి? ఇంటికొచ్చే ముందు చేతులకి కాస్త కొబ్బరి నూనె రాసుకుంటే గోటిగీత తెల్లగా పడదని నేర్చుకున్నాడు. ఊరి రేవులో బట్టలుతికేవాళ్లూ, గేదెల్ని కడిగేవాళ్లూ ఉంటారు, వాళ్లలో ఎవరో ఒకరు ఇంట్లో చెప్పేస్తారు, కాబట్టి ఈసారి లాకుల అవతలికి పోవాలని నేర్చుకున్నాడు. అక్కడ పెద్దవాళ్లెవరూ ఉండరు. నీళ్లు సుడి తిరుగుతుంటాయి. తల్లి దేనికి భయపడి కొట్టిందో, ఆ దెబ్బ వాణ్ణి సరిగ్గా దాని దగ్గరికే తోసింది. ఇన్నేళ్లుగా చూస్తున్నవాటిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇదే.

మా వీధిలోనే ఒక తండ్రి ఇంకోలా చేశాడు. కొడుకు కాలువ దగ్గర్నుంచి వచ్చాడని తెలియగానే మొహం ఎర్రబడింది. చెయ్యి కూడా లేచింది. లేచిన చెయ్యి ద్వారబంధానికి ఆనించి, "నువ్వు కనపడకపోయేసరికి నా కాళ్లూ చేతులూ ఆడలేదురా" అన్నాడు. పిల్లాడు తలెత్తి చూశాడు. తండ్రి నోట ఆ మాట వాడు అంతకుముందు విన్నట్టు లేదు. మర్నాడు పొద్దున్నే ఆయన దొడ్లో గెల కోసేసిన అరటి చెట్టు నరికి, బోదె ముక్క భుజాన వేసుకుని కొడుకుని రేవుకి తీసుకెళ్లాడు. మా తరంలో అందరూ ఈత నేర్చుకున్నది అరటి బోదె పట్టుకునే. షరతు మాత్రం గట్టిగా పెట్టాడు: "నేను లేకుండా దిగావంటే వారం రోజులు రేవు మొహం చూడనివ్వను." వాడు ఒకసారి దిగాడు కూడా. వారం రోజులూ వాణ్ణి గట్టు మీదే కూచోబెట్టాడు. అరవలేదు, మాట తప్పలేదు.

పిల్లల మీద మనకొచ్చే కోపం చాలాసార్లు రెండోదిగా వస్తుందని నా నమ్మకం. దానికి రెప్పపాటు ముందు ఇంకొకటి వస్తుంది. భయమో, అలసటో, నలుగురిలో తలవంపో, ఏమీ చెయ్యలేని నిస్సహాయతో. అది ఒక్క క్షణం మెరిసి మాయమైపోతుంది, దాని వెనకే కోపం వచ్చి ఇల్లంతా ఆక్రమిస్తుంది. పిల్లలకి కనపడేది కోపమే. కాబట్టి వాళ్లు కోపం నుంచి తప్పించుకోవడమే నేర్చుకుంటారు. ఆ మొదటిది నోరు తెరిచి చెప్పగలిగితే వాళ్లకి పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. మన ఇళ్లలో ఈ అలవాటు లేదు, ముఖ్యంగా మగవాళ్లకి. 'భయమేసింది' అని కొడుకుతో అన్న తండ్రుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"మేమూ దెబ్బలు తినే పెరిగాం, ఏమైపోయాం?" అని అడిగేవాళ్లు ప్రతి అరుగు మీదా ఉన్నారు. దెబ్బకి దెయ్యం కూడా జడుస్తుందనే సామెత ఉండనే ఉంది. పూర్వం వీధిబళ్లలో గుంజీలూ గోడకుర్చీలూ పోను, చేతులు పైన దూలానికి కట్టి వేలాడదీసే కోదండమనే శిక్ష ఉండేది. అది చదువులో భాగమనే అనుకునేవాళ్లు, కన్నవాళ్లే తీసుకెళ్లి పంతులుకి అప్పజెప్పేవాళ్లు. ఈవేళ ఎవరైనా పిల్లాణ్ణి దూలానికి వేలాడదీస్తే పోలీసులొస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బళ్లలో కొట్టడాన్ని నిషేధిస్తూ 2002లో నిబంధన మార్చారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో ఒంటిమీది దెబ్బలతో పాటు మనసుని హింసించడాన్ని కూడా నిషేధించింది. నేను ఉద్యోగంలో ఉండగానే బెత్తం బల్ల మీంచి బీరువా వెనక్కి, అక్కణ్ణుంచి ఎక్కడికో పోయింది. అది పోయాక బడి కూలిపోలేదు. స్వీడన్ 1979లోనే తల్లిదండ్రులు కొట్టడాన్ని కూడా నిషేధించింది. మన చట్టం మాత్రం ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆ గుమ్మం దాటాల్సింది మనమే.

దాటమని చెప్పినవాడు మాకు దగ్గరివాడే. చలం రాజమండ్రిలో ఉపాధ్యాయులకి శిక్షణనిచ్చే బడిలో పనిచేశాడు, తర్వాత బళ్లు తనిఖీ చేసే అధికారిగా ఊళ్లు తిరిగాడు. పిల్లల్ని కొట్టేవాళ్లని, భయపెట్టి లొంగదీసేవాళ్లని అంత దగ్గర్నుంచి, అంత ఎక్కువగా చూసిన తెలుగు రచయిత మరొకరు ఉన్నారనుకోను. 'బిడ్డల శిక్షణ' అని ఒక పుస్తకమే రాశాడు. పిల్లలు తల్లిదండ్రుల ఆస్తి కారన్నది అందులో ఆయన వాదన. చలం మాటలు కొన్ని నాకు మింగుడుపడవు, ఆ పుస్తకంలోనూ అలాంటివున్నాయి. కానీ పెద్దవాళ్ల అహాన్ని పిల్లల మంచి కింద చెలామణీ చేస్తున్నామని ఆయన వేలెత్తి చూపించిన చోటు మాత్రం ఇప్పటికీ చురుక్కుమంటూనే ఉంది.

భీమవరం వైపు చెరువులు చేసే ఇళ్లలో ఇంకోరకం కోపం ఉంటుంది. దానికీ పిల్లలు చేసినదానికీ సంబంధమే ఉండదు. రొయ్యల చెరువులో పగలు నాచు ప్రాణవాయువునిస్తుంది, రాత్రి అదే నాచు తానూ పీల్చుకుంటుంది. తెల్లవారుజామున నీళ్లలో గాలి బాగా తగ్గిపోతుంది. ఆ వేళకి ఏరేటర్లు ఆగితే పంటంతా తేలిపోతుంది. కరెంటు పోతే జనరేటర్ వెయ్యాలి, డీజిలుందో లేదో చూసుకోవాలి. రాత్రంతా టార్చిలైటు పట్టుకుని గట్ల మీద తిరిగినవాడు పొద్దున ఏడింటికి ఇంటికొస్తాడు. సరిగ్గా అదే వేళకి పిల్లలు బూటు కనపడలేదనీ, ఇడ్లీ వద్దనీ, అన్నయ్య గిల్లాడనీ గోల చేస్తుంటారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు రొయ్య రేటు పడిపోయింది. ఆ దిగులు ఎక్కడో ఒకచోట దిగాలి కదా. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మనకి కొత్తేం కాదు. గ్లాసు పాలు ఒలికిన పాపానికి ఎవరిదో లెక్క ఆ పిల్ల వీపు మీద తేలుతుంది. అవే పాలు సంక్రాంతికి చుట్టాలున్నప్పుడు ఒలికితే "పోన్లే అమ్మా, ఇంకో గ్లాసు తెచ్చుకో" అనేవాడు ఆయనే.

ఆ ఊళ్లలో ఒకరింట్లో ఇల్లాలు ఒక పద్ధతి పెట్టింది. ఆయన వచ్చి పంపు దగ్గర కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూచుని, కాఫీ తాగేదాకా ఇంట్లో సంగతేదీ ఆయన చెవిన పడనివ్వదు. పిల్లలతోనూ దాపరికం లేకుండా చెప్పేస్తుంది: "నాన్నకి రాత్రి నిద్ర లేదు, చెరువులో ఇబ్బందొచ్చింది. మీరేం చెయ్యలేదు." ఆ ఆఖరి రెండు మాటలూ చాలా పెద్దవని నా ఉద్దేశం. ఇంట్లో కారణం తెలియని కోపం కనపడితే చిన్నపిల్లలు ఆ కారణం తామేననుకుంటారు. ఏళ్ల తరబడి తరగతి గదిలో వాళ్ల మొహాలు చూసినదాన్ని కాబట్టి ఇది ధీమాగా చెప్పగలను.

ఇంకొక మాట. ముందువెనకలు ఆలోచించి మనల్ని ఆపే మెదడు భాగం నుదుటి వెనకాల ఉంటుంది. అది పూర్తిగా ఎదగడానికి ఇరవై అయిదేళ్ల దాకా పడుతుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఎనిమిదేళ్లవాణ్ణి పట్టుకుని "నీకా మాత్రం బుద్ధి లేదా" అని అరుస్తాం. నలభై ఏళ్ల మన దగ్గర ఆ నిమిషంలో లేని నిగ్రహాన్నే వాణ్ణి చూపించమంటున్నాం.

నలుగురిలో తలవంపు వల్ల వచ్చే కోపం గురించి మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. పెళ్లి పందిట్లో నాలుగేళ్ల పిల్లని "తాతగారికి నమస్కారం పెట్టమ్మా" అంటారు. కొత్త మొహాల్ని చూసి అది తల్లి కొంగు వెనక్కి పోతుంది. తల్లి నవ్వు చెదరనివ్వకుండానే, ఎవరికీ కనపడకుండా కొంగు చాటున తొడ మీద గిల్లుతుంది. వీధిబళ్లనాటి తొడపాశం ఇంకా బతికే ఉందన్నమాట, పట్టుచీర మాటున. భయంతో కొట్టే తల్లి కళ్ల ముందు పిల్లాడున్నాడు. ఇక్కడ గిల్లే తల్లి కళ్ల ముందు పిల్ల లేదు, చుట్టూ ఉన్న కుర్చీలున్నాయి. పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు "ఆరొందలకి ఎంత?" అని ఫోన్లు చేసే బంధువుల కోసం ఎన్ని ఇళ్లలో పిల్లల్ని మాటలతో కాల్చేస్తామో. ఫోన్ పెట్టేశాక వాళ్లు ఆ అంకె పది నిమిషాల్లో మర్చిపోతారు. మనమన్న మాట పిల్లల దగ్గర ఉండిపోతుంది. నా దగ్గర చదువుకుని ఇప్పుడు తండ్రులైనవాళ్లు కొందరు మార్కులు మర్చిపోయారు గానీ, ఆ రోజు వరండాలో తండ్రి ఎక్కడ నిలబడి ఏమన్నాడో పొల్లు పోకుండా చెబుతారు. ఈ కోపం వచ్చినప్పుడు మాత్రం అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోవడం మేలు. పిల్లతో మాట్లాడాల్సిందేదీ అప్పటికి మన దగ్గర ఉండదు.

సరే, కోపం వచ్చేసింది, అరిచేశాం, చెయ్యి కూడా చేసుకున్నాం. ఆ తర్వాతేమిటి? మా వైపు తల్లులు మాట లేకుండానే మంచి చేసుకుంటారు. మధ్యాహ్నం కొట్టిన పిల్లాడికి రాత్రి కంచంలో అడక్కుండానే కోడిగుడ్డు అట్టు పడుతుంది. పడుకునేటప్పుడు వీపు మీద తట్టు తేలినచోట నూనె రాస్తుంది. వాడికి తెలుస్తుంది, తెలియకపోదు. కానీ కొట్టిన చెయ్యీ, నూనె రాసిన చెయ్యీ ఒకటే ఎలా అయ్యాయో వాడికి ఎవరూ చెప్పరు. పెద్దయ్యాక వాడూ ముందు కొట్టి తర్వాత అట్టు వేయిస్తాడు.

ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1970లలో పసిపిల్లలతో చేసిన ఒక ప్రయోగం చాలా పేరుపొందింది. తల్లి బిడ్డతో ఆడుతూ ఆడుతూ హఠాత్తుగా మొహంలో ఏ భావమూ లేకుండా ఉండిపోవాలి, ఓ రెండు నిమిషాలు. బిడ్డ ముందు నవ్వుతుంది, చేతులు చాస్తుంది, కేకలు పెడుతుంది. తల్లి మొహం కదలదు. బిడ్డ మొహం తిప్పేసుకుని చివరికి ఏడుస్తుంది. తల్లి మళ్లీ మామూలుగా అయి దగ్గరికి తీసుకుంటే మెల్లగా తేరుకుంటుంది. చాలామంది అంతవరకే చెబుతారు. ఆయన ఆ తర్వాత గమనించింది నాకు అంతకన్నా విలువైనది. మంచి తల్లీబిడ్డల మధ్య కూడా ఒకరి భావం ఒకరికి సరిగ్గా అందేది మొత్తం సమయంలో మూడో వంతు లోపే. మిగతాదంతా తప్పిపోవడం, మళ్లీ వచ్చి కలుసుకోవడం. ఆ కలుసుకోవడంలోనే బిడ్డకి నమ్మకం గట్టిపడుతుందని ఆయన చెప్పాడు. ఇది చదివినప్పుడు నాకు మా ఊరి తల్లులందర్నీ పోగేసి చెప్పాలనిపించింది. ఎప్పుడూ కోప్పడకుండా ఉండక్కర్లేదమ్మా. తిరిగి రావాలి, అంతే. కోడిగుడ్డు అట్టుతో పాటు ఒక మాట కూడా రావాలి. చిన్నవాళ్లని క్షమాపణ అడగడం మనకి అలవాటు లేదు, నోరు రాదు. "మధ్యాహ్నం అంత అరవకుండా ఉండాల్సింది నాన్నా, నువ్వు కనపడక కంగారుపడ్డాను" అంటే సరిపోతుంది. పెద్దరికం ఏమీ తగ్గదు.

దగ్గరున్న తల్లికి అట్టు వెయ్యడానికి పొయ్యి ఉంది. దూరాన ఉన్నవాళ్ల సంగతి? ఉమ్మడి గోదావరి జిల్లాల నుంచి, రాజోలు వైపు నుంచీ నరసాపురం వైపు నుంచీ, ఎందరో ఆడవాళ్లు కువైట్‌కీ, దుబాయ్‌కీ, ఒమన్‌కీ ఇంటిపనులకి వెళ్లారు. పిల్లలు ఇక్కడ అమ్మమ్మల దగ్గర. నా తరగతిలో అలాంటి పిల్లలు ఎప్పుడూ ఉండేవాళ్లు. కువైట్‌లో టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఇక్కడ పొద్దున ఏడున్నరకి పిల్లలు బడికి తయారవుతుంటే అక్కడ అయిదు, యజమానులు ఇంకా లేవరు. ఆ పది నిమిషాలే ఆమెవి. ఫోన్ ఎత్తగానే అమ్మమ్మ దగ్గర ఫిర్యాదుల మూట సిద్ధంగా ఉంటుంది. వాడు లెక్క చెయ్యలేదు, ఫోన్ వదలట్లేదు, నిన్న ఎదురు చెప్పాడు. పరాయి వంటగదిలో నిలబడి ఆ తల్లి, పక్కగదిలో వినపడకుండా గొంతు నొక్కిపట్టి, పది నిమిషాలూ తిడుతుంది. వాడు ఫోన్ వైపు చూడడు, గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తుంటాడు. బడి ఆటో హారన్ కొడుతుంది. ఫోన్ అమ్మమ్మ చేతికొస్తుంది. వాడిని తాకలేక, దగ్గర కూచోబెట్టుకుని లెక్క చేయించలేక ఆ తల్లికి వచ్చిన కోపమది. పదేళ్లవాడు అదంతా ఎలా ఊహిస్తాడు? అమ్మ రోజూ తిట్టడానికే ఫోన్ చేస్తుందనుకుంటాడు. కొన్నాళ్లకి ఫోన్ మోగేసరికి దొడ్లోకి పోతాడు.

ఇలాంటి ఒక ఇంట్లో అమ్మమ్మే దారి కనిపెట్టింది. పెద్దగా చదువుకోలేదు. మనవడు ఫోన్‌కి దొరకడం లేదని కూతురు అక్కడ ఏడుస్తుంటే ఈవిడకి తట్టింది. ఇప్పుడు ఫోన్ మోగితే ముందు వాడికే ఇస్తుంది. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నంతసేపు తను దొడ్లో గిన్నెలు తోముకుంటుంది. చెప్పాల్సినవి చెప్పకుండా మాత్రం ఉండదు. కూతురికి సెలవు దొరికిన రోజున, పిల్లాడు ఇంట్లో లేనప్పుడు, అన్నీ కూచోబెట్టి చెబుతుంది. తర్వాత ఇద్దరూ కలిసి వాడికి ఏం చెప్పాలో, ఎవరు చెప్పాలో అనుకుంటారు. నేను ఆశ్చర్యపోయి, "ఈ ఆలోచన మీకెలా వచ్చిందండీ" అని అడిగాను.

"ఆలోచనేముందండీ టీచరుగారూ," అంది ఆవిడ, గిన్నెల మీంచి చెయ్యి తియ్యకుండా. "అక్కడ అది రోజంతా ఎవరెవరి చేతో మాటలు పడుతుందండి. పొద్దున్నే నేనూ ఇన్ని చెప్పేస్తే అది పట్టుకెళ్లి ఈడి మీద పోసేస్తంది. ఈడి లెక్కలు నేను సాయంత్రం చూసుకోగలను కదండి. మీరొచ్చి ఓ గంట చెప్పి పెట్టండి, ఆయ్."

అప్పట్నుంచి వాడు సాయంత్రం అయిదింటికి పుస్తకం పట్టుకుని మా ఇంటికొస్తున్నాడు. భిన్నాల దగ్గర ఇంకా తడబడుతున్నాడు.